పంచదార మానేశాం సరే, గుండె మాటేమిటి?



మన వంటింటి అలమరలో పంచదార డబ్బా పక్కన ఈ మధ్య మరో చిన్న డబ్బా వచ్చి కూర్చుంది. కొందరిళ్ళల్లో అది బిళ్ళల డబ్బా. పైన నొక్కితే కిందనుంచి చిన్న బిళ్ళ ఒకటి కాఫీ కప్పులో రాలుతుంది. కొందరిళ్ళల్లో పొడి పొట్లాలు. మరికొందరిళ్ళల్లో చుక్కల మందులాంటి సీసా. రూపాలు వేరైనా వీటన్నిటి పనీ ఒక్కటే. పంచదార లేకుండా నాలుకకు తీపి తెలియజెయ్యడం.

మొదట్లో ఇంట్లో షుగరు జబ్బున్న పెద్దవాళ్ళ కోసం కొన్నాం. తర్వాత ఒళ్ళు తగ్గాలని కాలేజీకి వెళ్ళే అమ్మాయి మొదలుపెట్టింది. "నాకూ ఒక బిళ్ళ పడెయ్యి" అని ఇంటాయనా అన్నారు. మనం కొనకుండానే మరికొంత ఇంట్లోకి వస్తోంది. డైట్ కూల్‌డ్రింకులు, షుగర్ ఫ్రీ బిస్కెట్లు, చూయింగ్‌గమ్, ప్రొటీన్ పొడులు, కొన్ని దగ్గుమందులు, ఆఖరికి పళ్ళు తోముకునే పేస్టు వీటిలో కూడా ఈ తీపి వుంటుంది.

ఇంతలో మరో మాట పుట్టింది. "ఆ బిళ్ళలు గుండెకు మంచివి కావుట!" అని ఒకరంటారు. "అదంతా ఉత్తమాట, మా డాక్టరుగారే వాడమన్నారు" అని ఇంకొకరంటారు. మధ్యలో నలిగేది ఇల్లాలు. మామగారి కాఫీలో ఏం కలపాలో, పిల్లాడి పుట్టినరోజుకు ఏ సీసా తెప్పించాలో నిర్ణయించేది చాలా ఇళ్ళల్లో ఆవిడే కదా! అంచేత అసలు సంగతేమిటో, ఎంతవరకు రుజువైందో, ఎక్కడ అనుమానంగానే మిగిలివుందో ఈవేళ తెలుసుకుందాం.

వీటి పుట్టుపూర్వోత్తరాలు

చిత్రమేమిటంటే, ఈ కృత్రిమ తీపి పదార్థాలలో చాలా మటుకు తీపి కోసం వెతుకుతుంటే దొరికినవి కావు. అనుకోకుండా నాలుకకు తగిలినవి. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నాడట. రొట్టె తియ్యగా తగిలింది. అదే సాకరిన్. పంచదార కన్నా సుమారు 300 రెట్లు తీపి. పుల్ల ఐసు కొనుక్కుంటామంటే, "అందులో సాకరిన్ కలుపుతారు, వద్దు" అని మన అమ్మలు కోప్పడిన సాకరిన్ ఇదే.

1965లో మరో అమెరికన్ శాస్త్రజ్ఞుడు కడుపులో పుండుకు మందు తయారు చేస్తూ, కాగితం తియ్యడానికి వేలు తడి చేసుకున్నాడు. తీపి తగిలింది. అది ఆస్పర్టేమ్. పంచదారకు 200 రెట్లు. 1976లో లండన్‌లో శశికాంత్ ఫడ్నీస్ అనే మన భారతీయ విద్యార్థిని, పంచదార నుంచి తయారైన ఒక పదార్థాన్ని "టెస్ట్" చెయ్యమని పైవాళ్ళు చెబితే ఆయనకది "టేస్ట్" అని వినబడిందట. నోట్లో వేసుకున్నాడు! అది సుక్రలోజ్, 600 రెట్లు తీపి. వీటికి తోడు ఎసిసల్ఫేమ్ అని ఒకటి, స్టీవియా ఆకునుంచి తీసేది ఒకటి వున్నాయి.

ఇవికాక ఎరిత్రిటాల్, జైలిటాల్ అని ఇంకో రకం వున్నాయి. ఇవి పంచదార కన్నా ఎక్కువ తీపి కావు. జైలిటాల్ దాదాపు పంచదారంత, ఎరిత్రిటాల్ అంతకన్నా కొంచెం తక్కువ. కాబట్టి చిటికెడు చాలదు, చెంచాలకు చెంచాలు వెయ్యాలి. ఈ తేడా గుర్తుంచుకోండి. గుండె దగ్గరకు వచ్చేసరికి ఇదే ముఖ్యమవుతుంది.

అసలు దోషి ఎవరు?

ముందుగా ఒక మాట. పంచదారను మనం దూరం పెట్టడంలో తప్పులేదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం వుంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో నిలబడి వున్నారు. మధుమేహం వున్నవాళ్ళకు గుండెజబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువన్నది అందరూ అంగీకరించిన విషయం. జబ్బు లేనివాళ్ళకైనా పంచదార మితి మీరితే రక్తంలో కొవ్వు పెరుగుతుంది, నడుము చుట్టుకొలత పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది. ఈ మూడూ గుండెకు శత్రువులే. 2014లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో, రోజుకు తీసుకునే కేలరీలలో పాతిక వంతుకు పైగా పంచదార ద్వారానే తీసుకునేవారు గుండెజబ్బుతో మరణించే అవకాశం, పదోవంతు కన్నా తక్కువ తీసుకునేవారితో పోలిస్తే రెండున్నర రెట్లు మించిందని తేలింది.

కాబట్టి పంచదార తగ్గించాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. దాని స్థానంలో కూర్చోబెట్టినది మంచిదేనా, లేక పెనం మీంచి పొయ్యిలో పడుతున్నామా అన్నదే ప్రశ్న.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఇందులో మొదట చెప్పవలసింది మన ఆడవాళ్ళ గురించిన పరిశీలనే. అమెరికాలో 50 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసు, నెలసరి ఆగిపోయిన స్త్రీలు 81,714 మందిని ఎన్నుకుని, సగటున పన్నెండేళ్ళ పాటు వారి ఆరోగ్యాన్ని కనిపెట్టి చూశారు. ఆ ఫలితాలు 2019లో ప్రచురించారు. వారానికి ఒకటి కూడా తాగనివారితో పోల్చి చూస్తే, రోజుకు రెండు లేక అంతకన్నా ఎక్కువ డైట్ పానీయాలు తాగేవారికి పక్షవాతం వచ్చే అవకాశం నూటికి 23 వంతులు, గుండెజబ్బు వచ్చే అవకాశం 29 వంతులు ఎక్కువగా కనిపించింది.

రెండోది ఫ్రాన్స్ దేశంలో జరిగింది. 1,03,388 మంది. వారిలో అయిదింట నాలుగువంతులు ఆడవాళ్ళే. వాళ్ళు ఏమేం తిన్నారో, ఏ కంపెనీ సరుకు తిన్నారో కూడా రాయించి, సుమారు తొమ్మిదేళ్ళు గమనించారు. 2022లో ఫలితాలు చెప్పారు. కృత్రిమ తీపి ఎక్కువగా వాడేవారికి గుండె, రక్తనాళాల జబ్బులు నూటికి 9 వంతులు ఎక్కువ వచ్చాయి. ఆస్పర్టేమ్ వాడకానికీ మెదడుకు సంబంధించిన పక్షవాతం వంటి వాటికీ, ఎసిసల్ఫేమ్, సుక్రలోజ్‌లకూ గుండె రక్తనాళాల జబ్బుకూ సంబంధం కనిపించింది.

ఇలా నూటికి ఇన్ని వంతులని వినగానే గుండె గుభేలుమంటుంది. కాని ఆ 9 వంతులంటే ఎంతో కాస్త విడమర్చి చూడండి. ఈ తీపి అసలు వాడనివారిని లక్షమందిని ఒక ఏడాది గమనిస్తే 314 మందికి జబ్బు వచ్చింది. ఎక్కువగా వాడే లక్షమందిలో 346 మందికి వచ్చింది. అంటే లక్షకు 32 మంది ఎక్కువ. ఇది కొట్టిపారెయ్యవలసిన సంఖ్య కాదు. అలాగని రేపు పొద్దున్నే డబ్బా కిటికీలోంచి విసిరెయ్యవలసినంత సంఖ్యా కాదు.

గొడుగు వల్ల వాన వచ్చిందా?

ఇక్కడ తెలివిగా ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. వీధిలో గొడుగులు ఎక్కువగా కనబడిన రోజున వాన కూడా కనబడుతుంది. అంతమాత్రాన గొడుగు వల్ల వాన వచ్చిందంటామా? డైట్ పానీయాలు, బిళ్ళలు ఎవరు వాడతారు? అప్పటికే ఒళ్ళు వచ్చినవారు, షుగరు వున్నవారు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర వుండి భయపడుతున్నవారు. వారికి గుండెజబ్బు వచ్చే అవకాశం మామూలుగానే ఎక్కువ. కాబట్టి జబ్బుకు కారణం బిళ్ళా, లేక బిళ్ళ పట్టుకునేలా చేసిన ఒంటి తత్వమా?

పరిశోధకులకు ఈ సంగతి తెలియక కాదు. బరువు, వయసు, పొగతాగడం, మధుమేహం, వ్యాయామం అన్నీ లెక్కలోకి తీసుకుని, వాటి ప్రభావం తీసివేసే ప్రయత్నం చేశారు. అయినా పూర్తిగా తీసివెయ్యడం సాధ్యం కాదు. బియ్యంలో రాళ్ళు ఎంత ఏరినా ఒకటి రెండు మిగులుతాయి కదా, అలాగన్నమాట. అంచేత ఇటువంటి పరిశీలనలు హెచ్చరిక చెయ్యగలవు గాని, తీర్పు చెప్పలేవు.

మరి ఒంట్లో ఏం జరుగుతుంది?

తీర్పు కావాలంటే, ఈ పదార్థం ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో చూడాలి. ఇందులో ఎక్కువగా ఆందోళన కలిగించినది ఎరిత్రిటాల్.

మన రక్తంలో ప్లేట్‌లెట్లు అని వుంటాయి. ఇంట్లో ఎవరికైనా డెంగీ జ్వరం వస్తే "ప్లేట్‌లెట్లు పడిపోయాయి" అని కంగారుపడతామే, అవే. కూర తరుగుతుంటే వేలు తెగిందనుకోండి, పరుగున వచ్చి ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టి రక్తాన్ని ఆపేవి అవే. మంచి పనే. కాని అదే గడ్డ అవసరం లేనిచోట, గుండెకు వెళ్ళే సన్నని రక్తనాళంలో కడితే గుండెపోటు. మెదడుకు వెళ్ళే నాళంలో కడితే పక్షవాతం. అందుకే గుండె జబ్బువాళ్ళలో చాలామందికి ప్లేట్‌లెట్లు తొందరపడి అంటుకోకుండా వుండేందుకు డాక్టర్లు ఆస్పిరిన్ వంటి మందు ఇస్తారు.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌కు చెందిన డాక్టర్ స్టాన్లీ హేజెన్, ఆయన బృందం 2023లో ఒక సంగతి ప్రకటించారు. అమెరికా, యూరప్‌లలో 4 వేల మందికి పైగా రక్తం పరీక్షిస్తే, ఎరిత్రిటాల్ అందరికన్నా ఎక్కువగా వున్న నాలుగోవంతు మందికి, అందరికన్నా తక్కువగా వున్న నాలుగోవంతు మందితో పోలిస్తే, మూడేళ్ళలో గుండెపోటు, పక్షవాతం, మరణం సంభవించే అవకాశం సుమారు రెట్టింపు వుంది. తర్వాత 2024లో, ఆరోగ్యంగా వున్న 20 మందిని తీసుకుని పదిమందికి 30 గ్రాముల ఎరిత్రిటాల్ కలిపిన నీళ్ళు, పదిమందికి 30 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్ళు ఇచ్చి చూశారు. ఎరిత్రిటాల్ తాగినవారి రక్తంలో దాని మోతాదు వెయ్యి రెట్లకు పైగా పెరిగింది. వారి ప్లేట్‌లెట్లు మామూలుకన్నా చురుగ్గా అంటుకోవడం మొదలుపెట్టాయి. గ్లూకోజు తాగినవారిలో అలా జరగలేదు. జైలిటాల్ గురించి కూడా అదే ఏడాది ఇటువంటి ఫలితమే చెప్పారు.

ఇక్కడా ఒక చిక్కుంది. ఎరిత్రిటాల్ మన ఒళ్ళు కూడా కొంత స్వయంగా తయారుచేసుకుంటుంది. షుగరు, ఒళ్ళు వున్నవారిలో అలా తయారయ్యేది ఎక్కువ కావచ్చు. పైగా మొదటి పరిశీలనలో రక్తం సేకరించిన రోజులకు ఈ పదార్థం బజారు సరుకుల్లో ఇంత విరివిగా లేదు. రెండో ప్రయోగంలో మనుషులు 20 మందే. తాగింది ఒక్కసారే. కాబట్టి ఇదీ ఆఖరి మాట కాదు. అయినా ప్లేట్‌లెట్ల మీద ప్రభావం కళ్ళెదుట కనిపించింది కనుక, ఇప్పటికే గుండెజబ్బు వున్నవారు, స్టెంటు వేయించుకున్నవారు, రక్తం గడ్డకట్టే తత్వం వున్నవారు ఎరిత్రిటాల్, జైలిటాల్ ఎక్కువ మోతాదులో తీసుకోకుండా వుండడమే వివేకం.

మిగతా వాటి సంగతో? ఇజ్రాయెల్‌లో ఈ తీపి అలవాటు లేని 120 మంది మీద రెండు వారాలు ప్రయోగం చేసి 2022లో ఫలితం చెప్పారు. సాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవారిలో గ్లూకోజు తాగాక రక్తంలో చక్కెర అదుపు కొంత తప్పింది. మన పేగుల్లో కోట్లకొద్దీ మేలు చేసే సూక్ష్మజీవులు వుంటాయి. ఆ జీవుల్లో వచ్చిన మార్పే దీనికి కారణమని వారన్నారు. అయితే మార్పు అందరిలో ఒకేలా లేదు. ఆస్పర్టేమ్, స్టీవియా తీసుకున్నవారిలో చక్కెర అదుపు అంతగా చెదరలేదు.

మంచి మాట చెప్పేవాళ్ళు లేరా?

ఉన్నారు. అదీ వినాలి. మన పొరుగున చెన్నైలో, మధుమేహం వున్నవారి మీద డాక్టర్ వి. మోహన్‌గారి బృందం ఒక పరీక్ష జరిపి 2024లో ప్రచురించింది. కొందరిని కాఫీ టీలలో మామూలుగా పంచదారే వేసుకోమన్నారు. మరికొందరిని దాని బదులు సుక్రలోజ్ వేసుకోమన్నారు. పన్నెండు వారాలయ్యాక చూస్తే, సుక్రలోజ్ వాడినవారి బరువు, నడుము కొలత కాస్త తగ్గాయి. మూడు నెలల సగటు చక్కెరలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, హెచ్చలేదు కూడా. మన కాఫీ టీలలో వేసుకునే కొద్దిపాటి మోతాదు కొద్ది వారాల్లో హాని చేసినట్టు కనిపించలేదన్నమాట. కాని పన్నెండు వారాలు వేరు, పన్నెండేళ్ళు వేరు. గుండెజబ్బు నెమ్మదిగా పెరిగే జబ్బు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నీ తూచి, 2023 మే నెలలో ఒక సలహా ఇచ్చింది. బరువు తగ్గడానికీ, గుండెజబ్బు, మధుమేహం వంటివి రాకుండా చూసుకోడానికీ ఈ తీపి పదార్థాల మీద ఆధారపడవద్దు అని. కొద్దికాలం కాస్త బరువు తగ్గినా, దీర్ఘకాలంలో లాభం కనబడలేదని కారణం చెప్పింది. అయితే ఇది షరతులతో కూడిన సలహా మాత్రమే, నిషేధం కాదు. పైగా ఇప్పటికే మధుమేహం వున్నవారికి ఇది వర్తించదని కూడా స్పష్టంగా చెప్పింది. ఈ చివరి మాట చాలామంది చెప్పకుండా వదిలేస్తున్నారు. మీరు మాత్రం మరిచిపోకండి.

మరి మనం చెయ్యవలసిందేమిటి?

మొదటి సంగతి. ఇంట్లో షుగరు జబ్బున్నవారు డాక్టరు సలహా మీద కాఫీలో ఒకటి రెండు బిళ్ళలు వాడుతుంటే, ఈ ప్రసంగం విని ఆ డబ్బా తీసేసి పంచదార వెయ్యకండి. దానివల్ల ఖాయంగా నష్టం. అనుమానానికి భయపడి రుజువైన కీడును తెచ్చుకోవడం తెలివి కాదు. నెమ్మదిగా ఆ బిళ్ళ కూడా తగ్గించగలిగితే మంచిది.

రెండోది మరీ ముఖ్యం. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారికి ఒక్కొక్కసారి రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడడం. ఆ సమయంలో అలవాటు కొద్దీ బిళ్ళ వేసిన కాఫీ గాని, డైట్ కూల్‌డ్రింకు గాని ఇస్తే గడ్డిపోచంత ప్రయోజనం వుండదు. తీపి నాలుకకే గాని రక్తానికి కాదు. మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. అందుకే షుగరు జబ్బున్న ఇంట్లో కూడా పంచదార డబ్బా ఒకటి చేతికందేచోట వుండి తీరాలి.

మూడోది, ఏ జబ్బూ లేనివారు, ముఖ్యంగా పిల్లలు. వీరికి ఈ బిళ్ళలతో, డైట్ సీసాలతో పనిలేదు. చాలా డబ్బాల మీద "పిల్లలకు తగదు" అని ముద్రించే వుంటుంది, చదవండి. పిల్లల నాలుక ఇప్పుడు ఎంత తీపికి అలవాటుపడితే పెద్దయ్యాక అంతే కోరుతుంది. దాహానికి మంచినీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు. గర్భిణులు డాక్టరును అడగకుండా వీటి జోలికి వెళ్ళవద్దు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు వున్నవారు ఆస్పర్టేమ్ అసలు ముట్టకూడదు.

నాలుగోది, లేబులు చదవడం. పేర్లు పలకడానికే నోరు తిరగదంటారా? అంకెలు గుర్తుపెట్టుకోండి. ఐ.ఎన్.ఎస్. 950 అంటే ఎసిసల్ఫేమ్, 951 ఆస్పర్టేమ్, 954 సాకరిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా, 967 జైలిటాల్, 968 ఎరిత్రిటాల్. ఈ అంకెల చీటీ ఒకటి రాసి సరుకుల సంచీలో వేసుకుంటే సరి. "ఆకునుంచి తీసినది, సహజం" అని స్టీవియా పేరుతో అమ్మే పొడుల్లో చాలావాటిలో ఎక్కువ భాగం ఎరిత్రిటాలే వుంటుంది. ముందువైపు బొమ్మ చూసి కాదు, వెనకవైపు చిన్న అక్షరాలు చూసి కొనండి.

అయిదోది, వంట. ఆస్పర్టేమ్ వున్న పొడిని పాయసంలో వేసి మరిగిస్తే తీపి పోతుంది. దింపి చల్లారాక కలపాలి. సుక్రలోజ్ అంత త్వరగా విరగదు గాని, దాన్ని వేసి నూనెలో వేయించడం, ఓవెన్‌లో బాగా కాల్చడం మంచిది కాదు. 120 డిగ్రీలు దాటితే హానికరమైన పదార్థాలు పుట్టే అవకాశం వుందని జర్మనీ ఆహార భద్రతా సంస్థ 2019లో హెచ్చరించింది.

ఆరోది, షుగర్ ఫ్రీ మిఠాయి. పండగకు ఇది కొని "ఇంకేం ఫర్వాలేదు" అని నాలుగు ముక్కలు తినేస్తారు. అందులో పంచదార లేకపోవచ్చు. నెయ్యి, కోవా, మైదా ఎక్కడికి పోయాయి? గుండెకు వాటి లెక్కా వుంటుంది కదా.

"అయితే బెల్లం వెయ్యమంటారా? తేనె వెయ్యమంటారా?" అని కొందరడుగుతారు. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం? బెల్లంలో కాస్త ఇనుము వంటివి వున్నా, ఎక్కువ భాగం పంచదారే. తేనె అయినా అంతే. అవీ తీపి లెక్కలోనే రాసుకోవాలి.

ఇంతకీ ఎంత తీపి తినవచ్చు? మన హైదరాబాదు తార్నాకలో వున్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు 25 గ్రాములు మించకూడదు. అంటే అయిదారు చిన్న చెంచాలు. నలుగురున్న ఇంటికి రోజుకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. బెల్లం, తేనె, మిఠాయి, బిస్కెట్లు, జాము, కూల్‌డ్రింకు అన్నిటిలో వున్నదీ కలిపి ఈ 3 కిలోలే. ఒక్క 300 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింకు సీసాలోనే సుమారు 30 గ్రాముల పంచదార వుంటుంది. ఈ నెల సరుకుల చీటీ తీసి ఒకసారి కూడి చూడండి. గుండె సంగతి ఏ డాక్టరూ చెప్పకముందే ఆ చీటీ చెబుతుంది.

తగ్గించడం ఎలాగంటే, ఒక్కసారిగా కాదు. ఇంట్లో గొడవ అవుతుంది, రెండో రోజుకే డబ్బా మళ్ళీ కిందికి దిగుతుంది. రెండేసి చెంచాలు వేసే కప్పులో ఒకటిన్నర వెయ్యండి. రెండు వారాలకు ఒకటి. మరో రెండు వారాలకు అర. నాలుక నెమ్మదిగా అలవాటు పడుతుంది. టీలో యాలకులు, అల్లం, దాల్చినచెక్క వేస్తే తీపి తగ్గిన లోటు అంతగా తెలియదు. బిళ్ళ వాడేవాళ్ళూ ఇదే పద్ధతిని, రెండు బిళ్ళలనుంచి ఒకటికి, ఒకటినుంచి అరకు రావచ్చు. తీపి తినాలనిపిస్తే జామపండు, బత్తాయి, బొప్పాయి ముక్క వున్నాయి. షుగరు వున్నవారు వాటినీ మితంగా తినాలి.

చివరగా ఒక్క మాట. ఇంట్లో అందరి గుండెల గురించీ ఆలోచించే ఇల్లాలు తన గుండె సంగతి ఆలోచించదు. గుండెజబ్బు మగవాళ్ళదనే అపోహ మనలో ఇంకా వుంది. నెలసరి ఆగిపోయాక ఆడవారికీ ఆ ప్రమాదం పెరుగుతుంది. మధుమేహం తోడైతే మరీనూ. పైగా ఆడవారికి గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీలో నొప్పి ఒక్కటే రానక్కరలేదు. ఆయాసం, దవడలోనో వీపులోనో నొప్పి, వికారం, చెప్పలేని నీరసం, చెమటలు ఇలా కూడా రావచ్చు. "గ్యాసులే" అని సోడా తాగి పడుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

కాఫీలో బిళ్ళా, పంచదారా అన్న తర్కం చిన్నది. రక్తపోటు, రక్తంలో చక్కెర, కొలెస్టరాల్ డాక్టరు చెప్పిన గడువుకు చూపించుకోవడం, కూరలో ఉప్పు, వేపుడులో నూనె తగ్గించడం, రోజుకు అరగంట నడవడం, ఇంట్లో పొగతాగేవాళ్ళుంటే మాన్పించడం, ఇవి పెద్దవి. ఇవన్నీ వదిలేసి బిళ్ళ మార్చినంత మాత్రాన గుండె బాగుపడదు. ఇవన్నీ పాటిస్తూ వుంటే, షుగరున్న అత్తగారి కాఫీలో పడే ఒక చిన్న బిళ్ళకు మీరు నిద్ర మానుకోనక్కరలేదు.

వచ్చే నెల సరుకులు రాసేటప్పుడు పంచదార ఎదుట అంకె కాస్త తగ్గించి రాయండి. ఆ తగ్గించినదాని బదులు ఇంకేదీ రాయకండి.